దుమ్ముబాట, సముద్రతీరం, గుహాజలం

విహారయాత్ర అనగానే మన కళాశాల విద్యార్థుల మనస్సుకు తోచేవి కోటలు, ఆనకట్టలు, ప్రదర్శనశాలలు. బస్సు ఆగుతుంది, దిగి చూస్తాము, ఉపాధ్యాయుడు నాలుగు మాటలు చెబుతాడు, ఛాయాచిత్రం తీసుకొని మళ్ళీ బస్సెక్కుతాము. గడచిన యాభై అరవై సంవత్సరాలలో ప్రపంచంలో దీనికి భిన్నమైన మరొక తరహా విహారం బాగా వ్యాపించింది. అందులో చూడడం కంటె చేయడం ప్రధానం. యాత్రికుడు తానే బండి నడుపుతాడు, తానే అలలలోకి దిగుతాడు, తానే గుహలోని నీటిలో ఈదుతాడు. కరీబియన్ సముద్రప్రాంతంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో, పుంటా కానా అనే చోట జరిగే బగ్గీ యాత్ర ఈ తరహా విహారానికి పేరొందిన ఉదాహరణ. మూడు నాలుగు గంటలలో ముగిసిపోయే ఈ యాత్రలో మజిలీలు ముఖ్యంగా మూడు: దుమ్ముబాట, సముద్రతీరం, గుహ.

పైకి చూస్తే ఈ మూడింటికీ సంబంధం లేదు. బాట ఎండలో మండుతుంది, తీరం హోరెత్తుతుంది, గుహ చల్లగా మౌనంగా ఉంటుంది. కాని కొంచెం లోతుగా పరిశీలిస్తే మూడింటికీ మూలం ఒకే రాయి అనీ, మూడింటినీ కలిపేది ఒకే నీరు అనీ తెలుస్తుంది. ఈ సంగతి తెలియని యాత్రికుడు తన ప్రాణానికీ ముప్పు తెచ్చుకొనవచ్చు, తాను చూడవచ్చిన చోటికీ హాని చేయవచ్చు. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ దేశం, ఆ తీరం

కరీబియన్ దీవులలో క్యూబా తరువాత పెద్దది హిస్పానియోలా ద్వీపం. దాని పశ్చిమభాగం హైతీ. తూర్పున ఉన్న సుమారు మూడింట రెండు వంతుల భాగం డొమినికన్ రిపబ్లిక్. రాజధాని సాంతో డొమింగో. 1492 డిసెంబరులో కొలంబసు ఈ ద్వీపానికి చేరేనాటికి ఇక్కడ తైనో జాతివారు నివసిస్తూ ఉండేవారు. కర్రపెండలం, మొక్కజొన్న పండించుకొని, చేపలు పట్టుకొని జీవించిన ప్రజలు వారు. వారి జాతి ఒక అర్ధశతాబ్ది లోపలనే వెట్టిచాకిరికీ, యుద్ధాలకూ, క్రొత్తగా వచ్చిన వ్యాధులకూ చాలావరకు బలియైపోయినది. కాని వారి మాటలు నిలిచాయి. గాలివానకు మనం నేడు వాడే 'హరికేన్' అన్న మాట, దోనెకు వాడే 'కనూ' అన్న మాట, వ్రేలాడే ఊయలపడకకు వాడే 'హామక్' అన్న మాట స్పానిష్ భాష ద్వారా లోకానికి వచ్చిన తైనో పదాలే.

పుంటా కానా ఈ దేశపు తూర్పు కొసన ఉన్నది. 'పుంటా' అనగా స్పానిష్‌లో కొస. 'కానా' అనేది అక్కడ పెరిగే ఒక జాతి తాటిచెట్టు పేరు. ఆ చెట్టు ఆకులతో అక్కడివారు ఇండ్లకు కప్పు వేసుకుంటారు. అరువది సంవత్సరాల క్రిందట ఇక్కడ సరియైన రోడ్డు కూడా లేదు. అడవి, కొద్దిమంది బెస్తల గుడిసెలు తప్ప మరేమీ లేవు. 1969లో థియొడోర్ ఖీల్ అనే న్యూయార్కు న్యాయవాదీ, ఫ్రాంక్ రైనియేరీ అనే డొమినికన్ యువకుడూ కలిసి ఈ భూమిని కొని విడిదిగృహాలు నిర్మించడం మొదలుపెట్టారు. 1980 దశకం మొదటి భాగంలో అక్కడ విమానాశ్రయం వెలసినది. తరువాత జరిగినది ఒక వరద వంటిది. 2023లో ఆ దేశానికి వచ్చిన సందర్శకుల సంఖ్య కోటి దాటినది. వారిలో అత్యధికులు దిగేది ఈ తూర్పుతీరంలోనే. పెద్ద పెద్ద హోటళ్ళలో బస చేసిన వీరికి నాలుగు రోజులకు ఇసుక మీద పడుకోవడం విసుగు పుడుతుంది. ఆ విసుగును తీర్చడానికి పుట్టినదే బగ్గీ యాత్ర.

బగ్గీ అనే వాహనం

హైదరాబాదు నగరంలో పాతతరం వారికి 'బగ్గీ' అనగానే గుర్రపుబండి జ్ఞాపకం వస్తుంది. నవాబుల ఇండ్ల ముందు నిలిచిన ఆ బగ్గీకీ ఈ బగ్గీకీ పేరొక్కటే పోలిక. మోటారు బగ్గీ చరిత్ర అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇసుకదిబ్బల మీద ప్రారంభమైనది. పడవలు తయారు చేయడం నేర్చిన బ్రూస్ మేయర్స్ అనే ఆయన 1964లో ఫైబర్ గ్లాసుతో తేలికైన తొట్టివంటి పైభాగం తయారు చేసి, దానికి వోక్స్‌వాగన్ బీటిల్ కారు యంత్రాన్ని అమర్చాడు. 'మేయర్స్ మాంక్స్' అని ఆయన పేరు పెట్టిన ఆ బండి ఇసుకలో కూరుకుపోక తేలిపోయేది. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో సుమారు వేయి మైళ్ళ ఎడారి పందెం మొదటిసారి జరిగినప్పుడు గెలిచినది ఈ జాతి బండియే.

నేడు పుంటా కానాలో యాత్రికులు నడిపేవి దాని వారసులు. ఇద్దరో నలుగురో కూర్చొనే ఈ బండ్లకు తలుపులు, కిటికీలు, అద్దాలు సాధారణంగా ఉండవు. ఉక్కుగొట్టాలతో అల్లిన పంజరం వంటి చట్రమే బండి శరీరం. చక్రాలు పెద్దవి, టైర్లు వెడల్పైనవి. వాటిలో గాలిపీడనం కారు టైర్లలో కంటె చాలా తక్కువ. వెడల్పైన మెత్తని టైరు నేలను ఎక్కువ వైశాల్యంలో తాకుతుంది గనుక బరువు పంచుకొనబడి బండి ఇసుకలోను, బురదలోను దిగబడదు. ఒంటె పాదం వెడల్పుగా ఉండడానికి గల కారణమే ఇది. ప్రతి చక్రం గతుకును బట్టి విడిగా పైకీ క్రిందికీ ఆడేటట్లు పొడవైన స్ప్రింగులు అమర్చుతారు.

ఇట్టి బండ్లలో చాలావాటికి గేర్లు మార్చే పని లేదు. రెండు కప్పీల మధ్య తిరిగే రబ్బరు పట్టీ ఆ పని చేస్తుంది. ప్రతి కప్పీ ఎదురెదురుగా ఉన్న రెండు శంకువుల వంటి పళ్ళాలతో తయారైనది. యంత్రం వేగం పెరిగేకొద్దీ దాని వైపున్న కప్పీ పళ్ళాలు దగ్గరై పట్టీ వాటి అంచువైపు ప్రాకుతుంది. రెండవ కప్పీ పళ్ళాలు దూరమై పట్టీ మధ్యకు దిగుతుంది. ఆ విధంగా గేరు నిష్పత్తి దానంతట అదే మారుతుంది. మన వీధులలో తిరిగే గేర్లులేని స్కూటర్లలో ఉన్నది కూడా ఈ ఏర్పాటే. కనుకనే ఎన్నడూ బండి నడపనివాడు కూడా పది నిమిషాలలో బగ్గీ నడపగలననుకుంటాడు. ప్రమాదం అక్కడనే ఉన్నది.

నేల గతుకులు తగలకుండా బండి అడుగుభాగాన్ని ఎత్తుగా నిర్మిస్తారు. అందువల్ల దాని గరిమనాభి కూడా ఎత్తున ఉంటుంది. వేగంగా మలుపు తిరిగినప్పుడు గరిమనాభి ఎత్తుగా ఉన్న వస్తువు సులభంగా ఒరుగుతుందని భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఒరిగిన బండిలో ఉక్కుపంజరం మనిషిని కాపాడుతుంది. కాని అతడు పంజరం లోపల ఉంటేనే. బండి పడిపోతున్నప్పుడు చేయో కాలో బయటకు చాచి ఆపాలనుకోవడం సహజమైన ప్రతిక్రియ. ఆ చేయే ఉక్కుగొట్టం క్రింద నలుగుతుంది. నడుముపట్టీ, శిరస్త్రాణం, రెండు చేతులూ లోపల ఉంచుకోవడం అనే మూడు నియమాలను దారి చూపే మనిషి పదే పదే చెప్పడం చాదస్తం కాదు. దారిలో ఒకచోట ఆగినప్పుడు అతిథులకు కాఫీ, కోకో రుచి చూపుతారు. దానితోపాటు చెట్టుబెరళ్ళూ మూలికలూ నానవేసిన 'మామహువానా' అనే మద్యం కూడా అందిస్తారు. మళ్ళీ బండి నడపవలసినవాడు ఆ పాత్రను మర్యాదగా పక్కకు జరపడమే వివేకం.

దుమ్ముబాట చెప్పే సంగతి

బండ్లు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి సాగుతాయి. ముందు బండి లేపిన దుమ్ము వెనుకవానికి భోజనం. కనుక యాత్రికులందరూ ముక్కునకూ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. వానకాలంలో దుమ్ము పోయి బురద వస్తుంది. ఇరుప్రక్కలా పశువుల బీళ్ళు, అరటితోటలు, కోకోచెట్లు, అక్కడక్కడ రేకుల కప్పు వేసి రంగులు పూసిన చిన్న ఇండ్లు కనబడతాయి. చక్కెర తోటలు ఒకనాడు ఈ తూర్పుమైదానపు ప్రధాన వ్యవసాయం. నేటికీ అక్కడ చెరకు విరివిగా పండుతుంది.

ఈ బాటలో రెండు రంగులు గమనించవలసినవి. పైనున్న మట్టి ఎర్రనిది; అది లేచిపోయినచోట బయటపడే రాయి తెల్లనిది. ఆ తెల్లరాయి సున్నపురాయి. అది ఒకప్పుడు సముద్రపు అడుగు. పగడపుజీవులూ, గుల్లలూ, నత్తలూ తమ శరీరాల చుట్టూ కట్టుకొన్న సున్నపు గూళ్ళు వేల సంవత్సరాలు పేరుకొని రాయిగా మారాయి. భూమి పైకి లేవడంవల్లనూ, సముద్రమట్టం మారడంవల్లనూ ఆ రాయి పొడినేల అయినది. సుమారు లక్షా ఇరువదియైదు వేల సంవత్సరాల క్రిందట సముద్రం నేటికంటె కొన్ని మీటర్లు ఎత్తున ఉండేది; సుమారు ఇరువది వేల సంవత్సరాల క్రిందట, మహాహిమయుగంలో, నేటికంటె నూటఇరువది మీటర్ల వరకు దిగువన ఉండేది. తూర్పుతీరంలో మెట్లు మెట్లుగా కనిపించే రాతిపీఠాలు ఈ హెచ్చుతగ్గుల గుర్తులు. ఎర్రమట్టి సంగతి మరొకటి. వాననీటికి సున్నం కరిగిపోగా, కరగని ఇనుము మొదలైన పదార్థాలు మిగిలి ఎర్రని పొరగా నిలిచాయి. అనగా యాత్రికుని బట్టలకు అంటిన ఎర్రదుమ్ము కరిగిపోయిన ఒక రాయి మిగిల్చిన శేషం.

ఇక్కడ మరొక విషయం కూడా గమనించాలి. ఇంత వాన కురిసే ఈ ప్రాంతంలో బాట ప్రక్కన పెద్ద నదులు కనబడవు. వాననీరు సున్నపురాతి పగుళ్ళలోకి ఇంకి భూగర్భంలోనే ప్రవహిస్తుంది. నది ఉన్నది, కాని అది మన చక్రాల క్రింద ఉన్నది.

మాకావో తీరం

బండ్లు మొదట చేరేది సాధారణంగా మాకావో తీరం. ఇది అట్లాంటిక్ మహాసముద్రానికి ఎదురుగా ఉన్న విశాలమైన ఇసుకతీరం. ఆ దేశంలో సముద్రతీరం ప్రజల ఆస్తి. 1968లో చేసిన చట్టం ప్రకారం అలల అంచునుండి 60 మీటర్ల పట్టీ ఎవరి స్వంతానికీ చెందదు. దక్షిణంగా ఉన్న బవారో తీరమంతా హోటళ్ళు బారులు తీరగా, మాకావో స్థానికులు సెలవు రోజులలో కుటుంబాలతో వచ్చి కూర్చొనే చోటుగా పేరు నిలుపుకొన్నది.

తీరంలోని లేతవన్నె ఇసుకలో అధికభాగం మన నదులు తెచ్చే ఇసుకవంటిది కాదు. పగడపు ముక్కల పొడి, గుల్లల పొడి అందులో చాలా ఉన్నవి. దీనిని తయారు చేసే పనివారిలో ముఖ్యమైనది చిలుక ముక్కువంటి పండ్లు గల 'పేరట్ ఫిష్' అనే చేప. అది పగడపురాతి మీద పెరిగే నాచును కొరుకుతూ రాతిని కూడా నమలి, జీర్ణం కాని సున్నాన్ని మెత్తని ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేప ఒకటి సంవత్సరానికి వందల కిలోల ఇసుకను తయారు చేయగలదు. నాచును తినివేయడంవల్ల పగడపుజీవులకు ఊపిరి తీసుకొనే చోటు దొరుకుతుంది. ఈ చేప విలువ గ్రహించి డొమినికన్ ప్రభుత్వం 2017లో దానిని పట్టడాన్ని నిషేధించినది.

బవారో తీరంలో నీరు చెరువువలె నిశ్చలంగా ఉంటే మాకావోలో అలలు ఎందుకు విరుచుకొని పడతాయి? బవారోకు ముందు సముద్రంలో పగడపు దిబ్బ గోడవలె అడ్డుగా ఉన్నది. అల దానిమీద విరిగి శక్తి కోల్పోయి ఒడ్డుకు చేరుతుంది. మాకావో ముందు అట్టి గోడ లేదు. మహాసముద్రపు అల సూటిగా వచ్చి ఇసుకను తాకుతుంది. అలలపై పలకలతో తేలియాడే క్రీడాకారులకు అది ఆనందం. ఈత సరిగా రానివారికి అదే ముప్పు.

అలలు ఒడ్డుకు మోసుకొని వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి గదా. అది అంతటా సమంగా పోదు. ఇసుకతిన్నెల మధ్య లోతైన సందు దొరికినచోట అంతా ఒక్కటై ఏరువలె లోపలికి దూకుతుంది. దీనినే 'రిప్ కరెంట్' అంటారు. దాని వేగం ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. విచిత్రమేమంటే ఆ చోట అలలు విరగవు గనుక నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాడు అక్కడనే దిగుతాడు. అందులో చిక్కినవాడు ఒడ్డువైపు ఈదడానికి ప్రయత్నించి అలసి మునిగిపోతాడు. ఆ ప్రవాహం మనిషిని లోపలికి లాగుతుందే గాని క్రిందికి లాగదు. కనుక భయపడక, ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది ప్రవాహం నుండి తప్పుకొని, పిదప అలల సాయంతో ఏటవాలుగా ఒడ్డుకు రావాలి. ఈదలేనివాడు వెల్లకిల తేలుతూ చేయెత్తి సాయం కోరాలి.

ఈ నాలుగు వాక్యాలు మాకావోకు మాత్రమే చెందినవి కావు. మన విశాఖపట్నం రామకృష్ణా బీచిలోను, బాపట్ల సూర్యలంకలోను విహారానికి పోయిన విద్యార్థులు సముద్రంలో గల్లంతైనారన్న వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. సముద్రం ఎక్కడైనా ఒకే నియమాన్ని పాటిస్తుంది.

గుహలోని నీరు

సముద్రంలో ఉప్పు, బాటలో దుమ్ము పట్టిన యాత్రికుడు చివరకు గుహకు చేరుతాడు. చెట్ల మధ్య నేలలో ఒక నోరు, లోపలికి మెట్లు, అడుగున నీలివన్నె గల స్వచ్ఛమైన నీటిమడుగు. బయట ఎండ ఎంత కాచినా, లోపలి నీరు ఆ ప్రాంతపు సంవత్సరపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా నిలకడగా ఉంటుంది. అందుకే ఎండలోంచి వచ్చినవానికి అది అమృతంవలె తోస్తుంది.

ఈ గుహను తొలిచిన ఉలి వాన. వాన కురుస్తూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుంటుంది. నేలలో కుళ్ళే ఆకులనుండి మరింత కలుపుకుంటుంది. అప్పుడది బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సోడా నీటికి ఉండే పులుపు ఇదే. ఈ పులుపునీరు సున్నపురాతిని కరిగిస్తూ పగులును సందుగా, సందును దారిగా, దారిని మందిరంగా పెంచుతుంది. తీరప్రాంతంలో దీనికి మరొక కారణం తోడైనది. మంచినీరూ ఉప్పునీరూ వేర్వేరుగా రాతిని కరిగించలేని స్థితిలో ఉన్నప్పుడు కూడా, రెండూ కలిసిన మిశ్రమం రాతిని కరిగించగలదు. కనుకనే సముద్రానికి దగ్గరగా ఉన్న సున్నపునేలలో గుహలు ఎక్కువ. పైకప్పు పలుచబడి కూలినచోట గుహ నోరు తెరుచుకొని నీటిమడుగు వెలుగులోకి వస్తుంది. మెక్సికోలోని మాయా జాతివారి భాషనుండి వచ్చిన 'సెనోటే' అనే పేరు ఇట్టి మడుగులకు ప్రసిద్ధమైనది.

కరిగించిన నీరే తిరిగి కడుతుంది. పైకప్పునుండి జారే చుక్క తనలోని వాయువును గుహలోని గాలిలోకి వదిలిపెట్టగా, మోయలేని సున్నం కొంచెం అక్కడే నిలిచిపోతుంది. అట్లు చుక్క చుక్కగా పెరిగినవే వ్రేలాడే రాతిఊడలు. పది సెంటీమీటర్లు పెరగడానికి సుమారు వేయి సంవత్సరాలు పట్టవచ్చు. మనిషి చేయి తాకితే అంటిన చమురువల్ల ఆ చోట సున్నం నిలువక పెరుగుదల ఆగిపోతుంది. మన నంద్యాల జిల్లాలోని బేలుం గుహలు కూడా ఇట్లు సున్నపురాతిని నీరు తొలచగా ఏర్పడినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటిని గురించి వ్రాశాడు. 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం కొలతలు తీసినది. వాటి పొడవు 3,229 మీటర్లు. బేలుంలో నీరు చాలావరకు తన పని ముగించి దిగిపోయినది. పుంటా కానాలో నీరు ఇంకా పనిలోనే ఉన్నది.

తైనో ప్రజలకు ఇట్టి గుహలు పవిత్రస్థలాలు. కొలంబసు ఆజ్ఞపై వారి నమ్మకాలను సేకరించి వ్రాసిన రామోన్ పానే అనే సన్యాసి, మానవజాతి ఒక గుహలోనుండి వెలువడినదనీ, సూర్యచంద్రులు మరొక గుహలోనుండి వచ్చారనీ వారు చెప్పుకొనేవారని తెలిపాడు. ఆ తూర్పుప్రాంతపు గుహలలో వారు గీచిన బొమ్మలు నేటికీ ఉన్నవి. లాస్ మారవియాస్ గుహలో అవి వందల సంఖ్యలో కనిపిస్తాయి. 'మనంతియాల్ దె లా అలేతా' అనే లోతైన మడుగులో 1990 దశకంలో పరిశోధకులు మునిగి చూడగా తైనోల కొయ్య వస్తువులూ, కుండలూ దొరికాయి. తైనోల నాయకుడైన కోతుబనామా స్పెయిన్ సైన్యాన్ని ఎదిరించి, 1504లో పట్టుబడి ఉరితీయబడినది ఈ తూర్పుప్రాంతపు యుద్ధంలోనే. కేరింతలు కొడుతూ నీటిలోకి దూకే యాత్రికులలో ఎందరికి ఈ సంగతి తెలుసునో చెప్పలేము.

ఉప్పునీటిపై తేలే మంచినీరు

ఇక ముఖ్యమైన సంగతి. గుహలోని ఆ మడుగు ఒక విడి కొలను కాదు. అది భూగర్భజలానికి తెరిచిన కిటికీ. ఆ ప్రాంతపు ప్రజలకూ, హోటళ్ళకూ నీరు ఇచ్చే బావులు తోడుకొనేది ఈ భూగర్భజలాన్నే.

సముద్రతీరంలో ఈ మంచినీరు కటకం ఆకారంలో ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. మంచినీటి సాంద్రత 1 అనుకొంటే సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. అనగా 40 మీటర్ల ఉప్పునీటి స్తంభాన్ని తూచడానికి 41 మీటర్ల మంచినీటి స్తంభం కావాలి. కనుక సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉంటే క్రింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు ఉంటుంది. పంతొమ్మిదవ శతాబ్దం చివర హాలండుకు చెందిన బేడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ వేర్వేరుగా కనుగొన్న ఈ సూత్రం వారిద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైనది. ఇందులో ఒక హెచ్చరిక దాగి ఉన్నది. అమితంగా తోడి నీటిమట్టాన్ని 1 మీటరు తగ్గిస్తే, కాలక్రమంలో క్రిందినుండి ఉప్పునీరు 40 మీటర్లు పైకి రాగలదు. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ తియ్యబడడానికి ఎన్నో వర్షకాలాలు కావాలి.

మలినం సంగతి కూడా ఇటువంటిదే. ఇసుకనేలలో ఇంకే నీరు మెల్లగా వడకట్టబడి శుభ్రపడుతుంది. సున్నపురాతిలో పెద్ద పెద్ద సందులుండడంవల్ల ఆ వడపోత జరగదు. బాట మీద ఒలికిన ఇంజను నూనె, మరుగుదొడ్డి గుంటలోని మురికి, యాత్రికుని ఒంటినుండి కరిగిన ఎండపూత, అన్నీ వానతోనో ఈతతోనో నేరుగా భూగర్భజలంలో కలుస్తాయి. ఆ జలం చివరకు తీరం క్రిందుగా సముద్రంలోకి ఊరుతుంది. అక్కడ ఉన్నది పగడపు దిబ్బ. ఎండపూతలలో వాడే ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలు లేత పగడాలకు హాని చేస్తాయని ప్రయోగశాలలలో తేలినది. అమెరికాలోని హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2021 జనవరి నుండి వాటి అమ్మకాన్ని నిలిపివేసినది. పగడం చచ్చిన తీరానికి అలలను ఆపే గోడ పోతుంది. గోడ పోయిన తీరానికి ఇసుక నిలువదు. ఇసుక లేని తీరానికి యాత్రికుడు రాడు. ఇప్పుడు మూడు మజిలీలూ ఒకటే అన్న మాట అర్థమవుతుంది. బాట మీద చేసిన తప్పు గుహలో తేలుతుంది. గుహలో చేసిన తప్పు సముద్రంలో తేలుతుంది.

మరి చేయవలసినదేమి?

ఇంతమాత్రాన బగ్గీ యాత్రలు మానివేయవలెనని కాదు. దారి చూపే యువకుడు, బండి బాగుచేసే మెకానిక్, కోకో అమ్మే రైతుకుటుంబం, నీలిరంగు లారిమార్ రాళ్ళ నగలు అమ్మే చిరువ్యాపారి ఈ యాత్రికులవల్లనే జీవిస్తున్నారు. వారి అన్నం తీసివేసి ప్రకృతిని రక్షించడం న్యాయమూ కాదు, సాధ్యమూ కాదు. కావలసినది క్రమం. బండ్లు నిర్ణీతమైన బాటను విడిచి ఇసుకదిబ్బల పైకీ, పచ్చికబీళ్ళలోకీ పోకుండా చూడాలి. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద చక్రం తిరగరాదు. నూనె కారే బండిని ఆ రోజు బాట ఎక్కించరాదు. గుహలో దిగేముందు మంచినీటితో ఒళ్ళు కడుగుకొనే ఏర్పాటు ఉండాలి. ఎండకు పూతకంటె పూర్తిచేతుల చొక్కా మేలు. గుహలో ఒకేసారి దిగేవారి సంఖ్యకు పరిమితి ఉండాలి. లోతు తెలియని మడుగులోకి తలక్రిందుగా దూకడం ఎంతటి ఈతగానికైనా తగదు. నీటి అడుగున కూలిన పైకప్పు రాళ్ళుంటాయి.

విద్యార్థులు ఈ వ్యాసం చదివి పుంటా కానాకు పోతారని కాదు. కాని ప్రతి సంవత్సరమూ మనం కూడా ఏదో ఒక తీరానికో, గుహకో, జలపాతానికో బయలుదేరుతాము. బయలుదేరేముందు మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకొనడం మంచిది: ఈ నేల ఏ రాతితో ఏర్పడినది? ఇక్కడి నీరు ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి పోతున్నది? ఇక్కడ మనిషి ప్రాణానికి ముప్పు ఏ రూపంలో ఉన్నది? మొదటిదానికి భూగోళశాస్త్రపు ఉపన్యాసకుడు, రెండవదానికి రసాయనశాస్త్రపు ఉపన్యాసకుడు జవాబు చెప్పగలరు. మూడవదానికి ఆ ఊరి బెస్తవానిని మించిన గురువు లేడు. కళాశాల కమిటీ పెద్దలు విహారయాత్రకు బస్సు, భోజనం ఏర్పాటు చేసేటప్పుడే, ముందురోజు ఒక గంట ఈ మూడు ప్రశ్నలకు కేటాయించి, ఈత వచ్చినవారెవరో రానివారెవరో పట్టిక వ్రాయించి, తీరానికి చేరగానే ఒక స్థానిక బెస్తవానిని వెంట నియమిస్తే, అందుకయ్యే ఖర్చు స్వల్పం. విద్యార్థులను తల్లిదండ్రులకు క్షేమంగా అప్పగించడానికి అంతకంటె చవకైన ఏర్పాటు మరొకటి లేదు.